రెండు అద్దాల మధ్య పాట

మొన్న మనవరాలు ఒక పెట్టె కొనుక్కొచ్చింది. పాతకాలం గ్రామఫోను లాంటిదే, కాకపోతే కరెంటుతో తిరుగుతుంది. దాంతోపాటు రెండు నల్లటి రికార్డులు. ఎక్కడ దొరికాయే అంటే చెన్నైలో ఒక చిన్న కొట్లో అంది. ఆ కొట్టు గురించి అరగంట చెప్పింది. కొట్టాయన ఏది అడిగినా వెంటనే ఇవ్వడట, కూర్చోబెట్టి ముందు వినిపిస్తాడట. లోకంలో ఆ మర్యాద ఇప్పుడే పుట్టినట్టు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. సరే పెట్టవే అన్నాను. పాట బాగానే ఉంది. పాట అయిపోయాక ముల్లు లోపలి గీతల్లో తిరుగుతూ బుసబుసమంటోంది. అది తీయబోతుంటే పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇంకేం లేదవ్వా, అయిపోయింది" అంది.

లేదని నాకూ తెలుసు. అయినా కాసేపు అట్లాగే విన్నాను.

మా ఊరు బిట్రగుంటకు నడిచిపోయేంత దూరం. మధ్యలో వరి మళ్ళు, ఒక కాలువ, దాని మీద రాతి కల్వర్టు. నేను చదివిన బడి రైల్వే కాలనీ పక్కన ఉండేది. బడికీ కల్వర్టుకీ మధ్య బజారు, బజారులో ప్లేట్ల అంగడి. దానికి బోర్డు మీద వేరే పేరేదో ఉండేది కానీ ఆ పేరు ఎవరూ పలకగా వినలేదు. గ్రామఫోను ప్లేట్లు అమ్ముతాడు కనక ఆయన ప్లేట్లాయన. సన్నటి మనిషి, ఎప్పుడూ ఉతికిన తెల్లచొక్కా. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. మిగతా ఆరురోజులూ ఆయన పని లోకోషెడ్డు నుంచి వచ్చే బొగ్గు నుసితో యుద్ధం. మఖమలు గుడ్డ ఒకటి భుజం మీద వేసుకుని, ప్లేటు తీసిన ప్రతిసారీ బిడ్డ మొహం తుడిచినట్టు తుడిచేవాడు.

గడప దాటగానే ముందు తగిలేది వాసన. పోస్టాఫీసులో సీలు వేయడానికి లక్క కరిగిస్తే వచ్చేదే ఆ వాసన. దానికి మిషను నూనె, కొత్త అట్టల వాసన కలిసేవి. మూడు గోడలకూ చెక్క అరలు, అరల నిండా కాగితపు సంచుల్లో నిలబెట్టిన ప్లేట్లు. మధ్యలో పొడుగాటి బల్ల. చేతులకు మసి అంటిన ఇంజను డ్రైవర్లు, గౌన్లు వేసుకున్న దొరసానులు, వడ్లు అమ్ముకుని కొడవలూరు వైపునుంచి వచ్చిన రైతులు, అందరూ కూర్చునేది ఆ బల్ల మీదే. ఇంకెక్కడా వీళ్ళందరూ ఒక బల్ల మీద కూర్చోవడం నేను చూడలేదు.

ఆయన పద్ధతులు ఆయనవి. కొనేవాళ్ళు రెండు వైపులా పూర్తిగా వినాల్సిందే. ఒక్కో వైపుకూ కొత్త ముల్లు పెట్టేవాడు. పాట మధ్యలో షంటింగు ఇంజను కూత పెడితే ఆపి, ముల్లు మార్చి, మళ్ళీ మొదటినుంచి పెట్టేవాడు. "నువ్వు కొనేది పాటబ్బా, ఇంజను కూత కాదు గదా" అనేవాడు. అంతా విన్నాక ఇంట్లో ఎవరెవరున్నారో అడిగేవాడు. ఒకసారి ఒక రైతు ఒక ఏడుపు పాట ఏరుకున్నాడు.

"కొత్త కోడలు వచ్చిందన్నావు గదన్నా. పొద్దున్నే ఈ ప్లేటు పెడితే ఆ బిడ్డకు అమ్మగారిల్లు గుర్తొస్తాది. నీకియ్యను" అని దాన్ని అరలో పెట్టేశాడు.

రైతుకు కోపం వచ్చి లేచిపోయాడు. ఎదురు బండి దగ్గర గోలీసోడా తాగాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, ఆయన చెప్పిన ప్లేటే సంకన పెట్టుకుని వెళ్ళాడు.

ఇక మా పిల్లల సంగతి. బడి వదలగానే నేనూ ఇంకో ఇద్దరు ఆడపిల్లలూ అంగట్లో దూరి, "మా నాయన కొంటాడంట, వినిరమ్మన్నాడు" అనేవాళ్ళం. రోజుకో ప్లేటుకు రోజుకో నాయన. ఆయనకు అంతా తెలుసు. అయినా అంతే శ్రద్ధగా ముల్లు మార్చి, పెట్టెకు కీ ఇచ్చి, దొరసానులకు పెట్టినట్టే పెట్టేవాడు. మేం అందుకు కృతజ్ఞతగా, వాడి పారేసిన ముళ్ళు ఏరుకుపోయి బళ్ళో ముందు బెంచీ పిల్లలకు గుచ్చేవాళ్ళం.

ఎండాకాలం వస్తే ఆయనకు ఇంకో పని. మా వైపు ఎండకు ప్లేట్లు వంకరపోతాయి. జనం వాటిని తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళు. ఆయన రెండు గాజు పలకల మధ్య ఆ ప్లేటు పెట్టి, అంగడి వెనక ఎండలో పరిచి, పక్కనే గొడుగు కింద కూర్చుని ఒక కీర్తన మొదలుపెట్టేవాడు. మెల్లగా, ఒక్క చరణం వదలకుండా పాడేవాడు. కీర్తన అయిపోగానే పలకలు నీడలోకి జరిపేవాడు. చల్లారాక తీస్తే ప్లేటు చదును. గడియారం పెట్టుకోవచ్చు గదా అని అడిగాను.

"గడియారానికి ఎండ తగలదు అమ్మణ్ణీ. నాకు తగలతాది. ఎండ ఎక్కువుంటే నేనే తొందరగా పాడతా" అన్నాడు.

ఒక ఏడు ఒంటిపూట బడులు మొదలైన కొత్తలో ఒకరోజు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. అంగట్లో ఎవరూ లేరు. ఆయన పై అరలోంచి తెల్ల గుడ్డలో చుట్టిన ప్లేటు ఒకటి తీసి పెడుతున్నాడు. నన్ను చూసి ఒక్క నిమిషం ఆగాడు. తర్వాత, "కూర్చో" అన్నాడు.

హార్మోనియం మొదలైంది. ఆ వెనకే ఆడపిల్ల గొంతు. పద్నాలుగో పదిహేనో ఏళ్ళుంటాయి. పాఠంలా నేర్చుకున్న పాట కాదు, దేవుడితో పోట్లాడుతున్నట్టున్న పాట. ఎక్కడా వణకలేదు. పాట అయిపోయింది, హార్మోనియం ఆగింది. బుసబుసమని ముల్లు తిరుగుతోంది. అప్పుడు ఆ పిల్లే, పాట గొంతు కాదు, మామూలు గొంతుతో మెల్లగా అడిగింది.

"సరిపోయిందా?"

ఎవరో మగమనిషి దగ్గాడు. అంతే. ప్లేటు అయిపోయింది.

ఆ మాట నేను ఆ పొద్దున కూడా విన్నాను. రోజూ వింటాను. మా అత్త నాకు తల దువ్వి జడ వేసి చివర అడిగే మాట అది. సద్దన్నంలో మజ్జిగ పోసి అడిగే మాట. నీళ్ళు తోడి అడిగే మాట. మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. పెళ్ళైన ఏడాదిలోపే మామ విషజ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. ఇంటి పనంతా ఆమెదే. ఆమె రోజు మొత్తం మీద మాట్లాడే మాటల్లో సగం ఆ ఒక్క మాటే. నవ్వగా చూడలేదు, కూనిరాగం తీయగా వినలేదు. గుమ్మం దాటి బజారుకు రాగా అసలే చూడలేదు.

లేబులు చదివాను. అత్త పేరు, పక్కన మా ఊరి పేరు.

"మీ తాత పిలుచుకుపోయినాడు మమ్మల్ని మద్రాసుకు, పాట ప్లేటులో ఎక్కించేదానికి" అన్నాడు ప్లేట్లాయన. "హార్మోనియం నాదే. ఆ దగ్గూ నాదే. పాటయినాక మాట్లాడగూడదని చెప్పినారు. ఆ బిడ్డ మర్చిపోయి అడిగింది. నేను జవాబు చెప్పబోయి, గుర్తొచ్చి దగ్గినా. ప్లేటులో అట్నే పడిపోయింది."

ఇంటికెళ్ళేసరికి అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, కత్తిపీట ముందేసుకుని ఆవకాయకు మామిడికాయలు కొడుతోంది. ఆవపొడి ఘాటుకు నా కళ్ళు మండుతున్నాయి. అత్త పాడేదా అవ్వా అని అడిగాను. కత్తిపీట ఆగింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

అవ్వ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది.

"మీ తాతకు పిచ్చి. ఆడబిడ్డ గొంతు తీసకపోయి బజారులో పెట్టినాడు. ముక్కూ మొహం తెలీనోళ్ళంతా తిప్పితిప్పి విన్నారు. ఆ దిష్టి ఊరికే పోతాదా? పచ్చగా ఉండే మగోణ్ణి మింగింది. ప్లేట్లు ఆరు వచ్చినాయి మనింటికి, దానికి పెళ్ళైపోయినాక. దాని చెవిన పడకముందే నేనే పగలగొట్టి దొడ్లో పూడ్సినా. ఇంకెప్పుడూ ఆ మాటెత్తబాక."

దొడ్లో అనగానే నాకు నా బిళ్ళ గుర్తొచ్చింది. నేను తొక్కుడుబిళ్ళ ఆడే బిళ్ళ నల్లగా, నున్నగా ఉండేది. నిమ్మచెట్టు పాదులో దొరికింది. దాని మీద వెంట్రుకంత సన్నటి గీతలున్నాయని ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను. రెండేళ్ళుగా దాన్ని కాలితో తన్నుకుంటూ ఆడుతున్నాను. ఆ సాయంత్రం దాన్ని కడిగి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు కానీ ఆ తర్వాత తొక్కుడుబిళ్ళ మానేశాను.

అవ్వ చెప్పినదాంట్లో నాకు పట్టుకున్నది ఒక్కటే. అత్త తన పాట తను ఎప్పుడూ వినలేదు. ఊరూ పేరూ లేనివాళ్ళు విన్నారు, నేను విన్నాను, ఆమె ఒక్కతే వినలేదు. ఎట్లాగైనా వినిపించాలనుకున్నాను. ఆ తర్వాత వరసగా వారంరోజులు అంగడికి వెళ్ళి ఆ ప్లేటే పెట్టించుకున్నాను. పాట మొత్తం నోటికి వచ్చేసింది. ఒకరోజు ప్లేట్లాయనను అడిగేశాను.

"మా అత్తకు వినిపించి తెచ్చిస్తా, ఇస్తారా?"

"ఇయ్యలేనమ్మణ్ణీ. లోకంలో మిగిలింది ఇదొక్కటే. ఇది గడప దాటదు. ఆమెనే రమ్మను, ఎప్పుడైనా సరే."

అత్త బజారుకు రావడమన్నది జరిగే పని కాదు. మా ఇంట్లో అటక మీద చనిపోయిన తాత గ్రామఫోను పెట్టె ఉంది, అవ్వ అందులో పాత తాళంచెవులు వేసుకునేది. శుక్రవారం అవ్వ, అమ్మానాయనా కావలిలో పెళ్ళికి పోతున్నారు. ఇంట్లో నేనూ అత్తే. అన్నీ కలిసొచ్చాయి. ప్లేటు ఒక్కటే కావాలి.

శుక్రవారం మధ్యాహ్నం బడి వదిలాక వెళ్ళాను. మద్రాసు నుంచి ప్లేట్ల పార్సిలు వచ్చిందని ఆయన స్టేషనుకు బయలుదేరుతున్నాడు. "కాసేపు కూర్చోనుండమ్మణ్ణీ, వచ్చేస్తా" అని నన్ను నమ్మి వెళ్ళాడు. ఆయన సందు తిరగగానే బల్ల ఎక్కి పై అరలోంచి గుడ్డ చుట్టిన ప్లేటు తీసి పుస్తకాల సంచిలో పెట్టుకున్నాను. పొద్దుటికల్లా తెచ్చి పెట్టేస్తా కదా అనుకున్నాను. దొంగలందరూ అట్లాగే అనుకుంటారని తర్వాత తెలిసింది.

కల్వర్టు దగ్గర తాటి ముంజలు కొడుతున్నారు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. సంచి రాతి మీద పెట్టి, బొటనవేలితో నాలుగు ముంజలు తోడుకుని తిన్నాను. ఆ రాయి కాలు మోపలేనంత కాలుతోందన్న ధ్యాసే లేదు. ఇంటికొచ్చి మిద్దెమెట్ల కింద సంచి విప్పితే ప్లేటు అప్పడంలా వంకర తిరిగి ఉంది.

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ప్లేట్లాయన వైద్యం గుర్తుచేసుకున్నాను. రెండు గాజు పలకలు కావాలి. ఒకటి దేవుడి పటానిది ఊడదీశాను. రెండోది ఎక్కడా లేదు. చావిట్లో గోడకు మామ ఫొటో ఉండేది, పెళ్ళినాటిది. రోజూ అత్త దాన్ని తుడిచేది. ఎత్తుపీట వేసుకుని దాని అద్దం కూడా లాగేశాను. మిద్దె మీదికి పోయి, ప్లేటు రెండు అద్దాల మధ్య పెట్టాను. చదును కాలేదు. అప్పుడు, ఎందుకు తోచిందో, మిద్దె మూలన పడున్న పాత రుబ్బురోటి పొత్రం దొర్లించుకొచ్చి పైన పెట్టాను. ఆయన ఎప్పుడూ బరువు పెట్టలేదు. నాకు తొందర.

ఇక కీర్తన పాడాలి. నాకు కీర్తనలు రావు. నాకు మొత్తం వచ్చిన పాట ఒక్కటే. దాన్నే ఎత్తుకున్నాను. ఒకసారి పాడి చూస్తే ఇంకా వంకర కనపడింది. మళ్ళీ పాడాను. మూడోసారి గొంతెత్తి, కళ్ళు మూసుకుని, పాడినకొద్దీ బాగవుతుందన్నట్టు పాడాను. అయిపోయాక అలవాటుగా ఆ మాట కూడా అన్నాను. సరిపోయిందా అని.

కళ్ళు తెరిస్తే మెట్ల మీద అత్త. చేతులనిండా చింతపండు గుజ్జు. చేపల పులుసు పెట్టాల్సిన వేళ ఆమె ఎండలో చెప్పుల్లేకుండా మిద్దె మీద నిలబడి ఉంది. ఆమె మొహం నేను అంతకుముందు చూసిన మొహం కాదు. భయపడిన పిల్ల మొహం.

"ఆ పాట నీకెవురు నేర్పినారు?"

"నువ్వే" అన్నాను.

అంతా చెప్పేశాను. ఆమె వచ్చి పొత్రం పక్కకు దొర్లించింది. అద్దం ఎత్తింది. ప్లేటు చదునుగా ఉంది, అద్దంలా ఉంది. గీతలు అణిగిపోయి మెరుస్తోంది. లేబులు మాత్రం బాగానే ఉంది. అత్త దాని మీద తన పేరు చదువుకుంది, వేలితో తడిమింది. తర్వాత చేతిలోని అద్దం చూసింది. అది ఎక్కడిదో ఆమెకు తెలిసిపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఎట్టుండాది నా గొంతు?" అని అడిగింది.

బాగుండాదత్తా, శానా బాగుండాది అని ఏడ్చాను. అంతకంటే చెప్పలేకపోయాను.

మరుసటి రోజు పొద్దున్నే, పెళ్ళికి వెళ్ళినవాళ్ళు తిరిగిరాకముందే, అత్త చెప్పులేసుకుంది. నన్ను వెంటబెట్టుకుని, ప్లేటు కొంగు కింద దాచుకుని, కాలువగట్టు మీద నడిచింది. బజారులో అందరూ తిరిగి చూశారు. సైకిలు షాపు ముందు మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. ప్లేట్లాయన గడపలోనే నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రపోనట్టుంది ఆ మనిషి. నేను అత్త వెనక నక్కాను.

"బిడ్డ తప్పు చేసిందన్నా" అంది అత్త.

ఆయన ప్లేటు అందుకుని, వెలుతురుకు వాల్చి చూశాడు. చాలాసేపు చూశాడు. మఖమలు గుడ్డతో ఎప్పటిలాగే తుడిచాడు. కొత్త ముల్లు పెట్టాడు. పెట్టెకు కీ ఇచ్చాడు. "కూర్చో అమ్మా" అన్నాడు.

అత్త ఆ బల్ల మీద కూర్చుంది. ముల్లు దించాడు. హార్మోనియం లేదు. గొంతు లేదు. మొదటినుంచీ బుసబుస ఒక్కటే, మధ్యలో ఎక్కడో దూరంగా గాలికి తలుపు కొట్టుకున్నట్టు ఒకటి రెండు చప్పుళ్ళు. ఇంజను కూత పెట్టింది. ఆ రోజు ఆయన ఆపలేదు. నేను అత్తనే చూస్తున్నాను. పెదవులు కదులుతున్నాయి. ఎక్కడ చరణం మొదలవుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ ఆమెకు తెలుసు. శబ్దం మాత్రం రావడం లేదు. ప్లేట్లాయన వేళ్ళు కూడా ఒళ్ళో కదులుతున్నాయి. ఆ అంగట్లో ఇద్దరికి పాట వినపడుతోంది. నాకొక్కదానికే వినపడటం లేదు.

ముల్లు లోపలి గీతల దాకా వచ్చింది. పాట అయిపోవాల్సిన చోటు దాటింది. అప్పుడు అత్త, సరిగ్గా ఆ చోట, తల ఎత్తి మెల్లగా అడిగింది.

"సరిపోయిందా?"

ప్లేట్లాయన ఈసారి దగ్గలేదు.

"సరిపోయిందమ్మా" అన్నాడు. "ఆ పొద్దే చెప్పాల్సింది."

ప్లేటును ఆయన మళ్ళీ తెల్ల గుడ్డలో చుట్టి అత్త చేతిలో పెట్టబోయాడు. అత్త తీసుకోలేదు. "ఉండనీ అన్నా, నీ దగ్గరే" అంది. అది మళ్ళీ పై అరలోకి వెళ్ళింది. తర్వాత రోజుల్లో బొగ్గు ఇంజన్లు పోయి డీజిలువి వచ్చాయి, షెడ్డు మూతపడింది, కాలనీలో ఇళ్ళకు తాళాలు పడ్డాయి. నాకు పెళ్ళయి వెళ్ళి రెండేళ్ళకు పురిటికి వస్తే అంగడి తలుపులు మూసి ఉన్నాయి. ఆయన ఏమయ్యాడో, ఆ అరల్లోవి ఎవరు తీసుకుపోయారో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు.

ఆ రోజు కావలి నుంచి రాగానే అవ్వ, మామ ఫొటోకు అద్దం లేకపోవడం చూసింది. పగిలిపోయింది, నేనే పగలగొట్టినా అని అత్త చెప్పింది. ఆ ఫొటోకు మళ్ళీ అద్దం వేయించలేదు. మెల్లమెల్లగా తేమ పట్టి, ముందు కళ్ళు, తర్వాత మొహం పోయి, చివరికి తలపాగా ఒక్కటే మిగిలింది. అత్త దాన్ని తుడవడం మానేసింది.

ఇంకొకటి కూడా మానేసింది. ఆ రోజు బజారునుంచి వచ్చి నాకు అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, పక్కకు వెళ్ళిపోయింది. నేను అన్నం కలపకుండా చాలాసేపు కాచుకున్నాను. మరుసటి రోజు జడ వేసింది, రిబ్బను కట్టింది, లేచిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది మా అత్త. ఆ మాట మళ్ళీ ఎవర్నీ అడగలేదు. ఆమెకు కావలసిన జవాబు వచ్చేసిందేమో. ఆమెకు జవాబు వచ్చేసింది సరే, నాకు ఆ మాట పోయింది. ఆ గొంతు విన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. పాట ఇప్పటికీ నోటికి వచ్చు. పాడను. పాడిన ఆ ఒక్కరోజు జరిగింది చాలు.

మనవరాలు ముల్లు ఎత్తేసి, ఇంకో ప్లేటు పెట్టనా అవ్వా అంది. పెట్టమన్నాను. అది కూడా అయిపోతుంది, చివర్లో ఆ బుసబుస వస్తుంది. ఈసారైనా ఎవరైనా అడిగితే జవాబు చెబుదామని చూస్తున్నాను.